ఎవరి జొన్నలు వాళ్ళకు

బసమ్మ ఎవరిమీద కోపంతో కర్నూలు విడిచిపోయింది? జొన్నలు కుమ్మరించిన వాళ్ళమీదా, తినేది లేదని నిలబడ్డ వాళ్ళమీదా, కాగితం రాసిన నామీదా? నాకు ఎనభై దాటాయి. పుస్తకాల్లో మనుషుల కోపాలకు కారణాలు తేటగా ఉంటాయి. చదివితే తెలిసిపోతుంది. ఈ ఒక్క కోపానికి కారణం తేల్చడం నాకు ఇప్పటికీ చేతకాలేదు. నా కోపం సంగతి వేరు. అది నాకు బాగా తెలుసు. ఇన్నేళ్ళకు కూడా అది చల్లారలేదు.

కర్నూలు రాజధాని అయిన మొదటి ఏడాది సంగతి ఇది. ఆఫీసులకు ఇళ్ళు చాలక గుడారాలు వేశారు. అట్లాంటి ఒక గుడారంలో నేను తాత్కాలికపు గుమాస్తాను. మాది మైదుకూరు దగ్గర నేతగాళ్ళ ఇల్లు. మగ్గం వదిలి కలం పట్టినవాణ్ణి మా ఇంట్లో నేనే మొదలు. గాలి లేస్తే ఫైళ్ళు ఎగిరిపోయేవి. వాటిమీద నాపరాతి ముక్కలు పెట్టుకుని రాసేవాళ్ళం. కోస్తా జిల్లాల నుంచి వందలమంది ఉద్యోగులు దిగారు. వాళ్ళకు ఎండ కంటే, దుమ్ము కంటే తిండి పెద్ద సమస్య అయింది. ఏ పూటకాపూట అదే గొడవ.

మా సూపరింటెండెంటు గారు కృష్ణ ఒడ్డు మనిషి. ఒకరోజు నన్ను పిలిచారు.

"ఏవండీ, మీరు ఈ ప్రాంతం వారు కదా. ఊళ్ళో తినదగ్గ చోట్లు ఎక్కడెక్కడున్నాయో ఒక పట్టిక రాసిపెట్టండి. సైక్లోస్టైలు తీయించి మనవాళ్ళందరికీ పంచుదాం."

"నేను రాయగలనో లేదో సార్."

"మీరు నోరు విప్పరు గానీ కాగితం మీద బాగానే మాట్లాడతారండీ. రాయండి."

ఆ పొగడ్తకు పడిపోయాను. రెండు వారాలు ఊరంతా తిరిగి తిన్నాను. బురుజు పక్క సందులో అయ్యవార్ల భోజనశాల ఉండేది. అరిటాకు, పల్చటి చారు, గరిటె అంచున ఒక చుక్క నెయ్యి. స్టేషను దారిలో ఒక ముసలాయన ఉగ్గాని చేసేవాడు. నానిన బొరుగుల్లో పసుపు, పుట్నాలపొడి పడి, పక్కన మిరపకాయ బజ్జీ నూనె కారుతూ వచ్చేది. పాత ఊళ్ళో ఒక సాయిబు దగ్గర పొద్దున్నే మేకకాళ్ళ పాయా దొరికేది. ఎనిమిది దాటి పోతే గిన్నె అడుగు గీకిన చప్పుడు తప్ప ఇంకేమీ మిగిలేది కాదు. ఇవన్నీ రాశాను. అంతటితో ఆగి ఉంటే బాగుండేది.

తుంగభద్ర ఒడ్డుకు పోయే దారిలో, బండ్లు నిలిపేచోట, బసమ్మ పంచ ఉండేది. బోదకప్పు, మట్టిగోడలు, రెండు పొయ్యిలు, ఒక విసుర్రాయి. నదికి ఆ పక్క హైదరాబాదు రాష్ట్రం. వేసవి మొదలైతే బండ్లు ఇసుకలోకి దిగి ఇటు అటు దాటేవి. కొత్త రాజధాని కట్టడాలకు నాపరాళ్ళు తెచ్చే బండ్లవాళ్ళు, వేరుశనక్కాయలు తెచ్చేవాళ్ళు వారంలో మూడు నాలుగు పూటలు అక్కడే తినేవాళ్ళు.

మొదటిరోజు పోయి కూర్చున్నాను. నలభై అయిదేళ్ళ మనిషి, మోచేతులదాకా పిండి, నుదుటిమీద చెమట.

"రెండు రొట్టెలు పెట్టక్కా."

"జొన్నలు తెచ్చినావా?"

"తేలేదే."

"మరి దేంతో చేసేదప్పా? నా అరిచేతులు కాల్చి పెట్టల్లనా?"

బండ్లవాళ్ళందరూ గొల్లున నవ్వారు. వాళ్ళలో పెద్దవాడు, మీసాలు నెరిసినవాడు, పెద్ద ఈరన్న. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"నా మూటలోనుంచి తియ్యమ్మా. పాపం, కాగితాల మనిషి. వానికి చేను యాడుంటాది?"

అట్లా ఆ చోటి పద్ధతి నాకు తెలిసింది. ఆమె రొట్టెలు అమ్మేది కాదు. ఎవరి జొన్నలు వాళ్ళు ఊరినుంచి మూటకట్టి తెచ్చి ఆమె దగ్గర ఉంచేవాళ్ళు. గోడనిండా కొయ్యలు, కొయ్యకొక మూట. ఆమెకు చదువు రాదు. గుడ్డను బట్టి, ముడిని బట్టి ఏ మూట ఎవరిదో చీకట్లో తడిమి చెప్పేది. మనిషి వచ్చి కూర్చుంటే అతని మూట దించి, గుప్పెళ్ళతో తీసి విసిరేది. ఒకరివి విసరడం అయ్యాక రాయిని చీపురుపుల్లలతో దులిపి, గుడ్డతో తుడిచి, అప్పుడు రెండోవాళ్ళవి పోసేది. ఒక గింజ కూడా ఇటుది అటు పోకూడదు. వేడినీళ్ళు పోసి పిండి కలిపి, పీటమీద రెండు చేతులతో తట్టి పెనంమీద వేసేది. తట్టే చప్పుడు దారిలోకి వినిపించేది. చెనిగ్గింజల కారం, ఉల్లిగడ్డ, ఉన్ననాడు పుంటికూర పప్పు ఆమె సొంతం. కూలికింద మూటకు ఒక పిడికెడు జొన్నలు తీసుకునేది.

"యాడికి పోయినా మా చేని రొట్టె మేము తింటాండాం. రాజుకు కూడా ల్యాదప్పా ఈ బోగం," అన్నాడు పెద్ద ఈరన్న.

నాకు ఆ మాట మత్తులాగా ఎక్కింది. నేను కూడా ఒక వారం అంగడిలో జొన్నలు కొనుక్కుని పోయాను.

"ఇవి యే ఊరి చేనివి?"

"తెలీదక్కా."

"తెలీని చేనివి తెచ్చినావా? పోనీలే, అవీ మన్నులోనుంచే వచ్చినట్లుండాయి."

తర్వాత మా అన్న మైదుకూరునుంచి ఒక మూట పంపాడు. మా ఇంటి నేతగుడ్డలో కట్టిన మూట. అది ఆ గోడమీదికి ఎక్కినరోజు నాకు ఉద్యోగం ఖాయమైనంత సంతోషం కలిగింది. అప్పటినుంచి నన్ను ఆమె మైదుకూరప్పా అని పిలిచేది. ఆమెది ఆదోని పక్క పల్లె. మొగుడు ఆదెన్న డ్యాం పనికని హోస్పేట పోయి, తిరిగి రాలేదు. బతికుంటే తన్నల్ల, చచ్చింటే ఏడ్వల్ల, ఏది చెయ్యల్లనో తెలీక రొట్టెలు కొడతాండా అని తనే చెప్పి తనే నవ్వేది. తొమ్మిదేళ్ళుగా అదే పొయ్యి దగ్గర ఉంది.

ఇంకొకటి కూడా చూశాను. ఏసేపు అనే బండాయన పంచలోపలికి వచ్చేవాడు కాదు. బయట తుమ్మచెట్టు కింద కూర్చునేవాడు. ఆయన మూట లోపల కొయ్యకే ఉండేది, అదే రాయిమీద విసిరేది, అదే పెనంమీద కాల్చేది. రొట్టె మాత్రం ఆయన సత్తుగిన్నెలోకి జానెడు ఎత్తునుంచి పడేది. ఇది చూశాను, రాయలేదు. తినదగ్గ చోట్ల పట్టికలో దానికి చోటెక్కడ అనుకున్నాను. కాదు, నాకు ఆ పంచ అందంగా కనబడాలి. అంతే.

నేను రాసిన ముక్క ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నది దారిలో బసమ్మ హోటలు. జొన్నరొట్టె, కారం. సీమ చేతిరుచి తెలుసుకోగోరువారు తప్పక వెళ్ళవలెను." హోటలట! అక్కడ బల్ల లేదు, బోర్డు లేదు, అమ్మకం లేదు. పట్టికలో పైన అన్నీ హోటళ్ళే ఉన్నాయి, దీన్నీ వాటి సరసన నిలబెడదామని ఆ మాట రాశాను. ఆమెను అడగలేదు. జొన్నలు తీసుకుపోవాలని కూడా రాయలేదు. చదివేవాళ్ళకు విసుగు పుడుతుందనుకున్నాను.

కాగితం పంచిన వారానికి అయిదుగురు గుమాస్తాలు దాన్ని చేత్తో పట్టుకుని పోయారు. ఏం జరిగిందో పెద్ద ఈరన్న నాకు చెప్పాడు.

"తలా రెండు రొట్టెలు వెయ్యమ్మా," అన్నారట.

"జొన్నలు తెచ్చినారా?"

"హోటలుకు జొన్నలు తేవడం ఏమిటి?"

"ఇది హోటలని యెవురప్పా చెప్పింది?"

కాగితం చూపించారు. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది. "దీంట్లో నా పొయ్యి ఉండాదా? నాకు తెలీకుండా యెట్ల దూరింది?"

"ఆ మూటల్లో ఉన్నవి జొన్నలు కావా?"

"జొన్నలే. ఆటికి మనుషులుండారు."

వాళ్ళు ఎండలో రెండు మైళ్ళు నడిచి వచ్చినవాళ్ళు. ఒకాయనకు ఒళ్ళు మండింది. "పశువులు తినే గింజకు ఇంత బడాయా!" అన్నాడు.

"మేతకోసరం ఇంత దూరం వస్తిరి గదప్పా, యే జాతి ఎద్దులు మీరు?" అంది బసమ్మ.

చెబుతూ ఈరన్న పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ కాగితం నాదని మాత్రం చెప్పలేదు. మర్నాడు గుడారంలో ఆ అయిదుగురూ కూర్చుని ఫిర్యాదు రాయడం చూశాను. లైసెన్సు లేని హోటలు, నది దాటి వచ్చిన ధాన్యం దాచిపెట్టి అడిగినవారికి లేదంటోంది, అని. గంటసేపు రాశారు. నా బల్లమీది సిరాబుడ్డి అడిగి తీసుకున్నారు. ఇచ్చాను.

పది రోజులకు, ఒక ఆదివారం, నేను పంచలో కూర్చుని రొట్టె తింటుండగా ఒక ఇన్‌స్పెక్టరు, ఇద్దరు బంట్రోతులు తక్కెడతో వచ్చారు. ఏ శాఖవాళ్ళో చెప్పను. ఏ శాఖైతే ఏమి!

"హోటలుకు లైసెన్సు ఏదీ?"

"ఇది హోటలు కాదప్పా."

"ఈ మూటలన్నీ ఏమిటి?"

"బండ్లోళ్ళ జొన్నలు. తిని పోతాంటారు."

"దించండి. తూయాలి."

బంట్రోతులు మూటలు దించి విప్పసాగారు. మొదటిది నేలమీద పోశారు. రెండోది దానిమీదే పోయబోయారు. ఆమె పరుగున వచ్చి అడ్డం నిలబడింది.

"కలపొద్దప్పా! ఒగటొగటే తూయండి. ముప్పై మూటలే. నేను విప్పిస్తా, నేనే కట్టుకుంటా. మీకు కష్టం ల్యా."

"మాకు వేరే పనిలేదనుకున్నావా? అన్నీ ఒకటే జొన్నలు."

"ఒకటే కాదప్పా! ఒకటే అయితే నేనీ రాయి తొమ్మిదేండ్లు ఎందుకు తుడుస్తి?"

కుమ్మరించారు. తెల్లజొన్నలు, పచ్చజొన్నలు, ఎర్రగింజలు, మా మైదుకూరు మూట, ఏసేపు మూట, ఈరన్న మూట, ముప్పై ఊళ్ళ చేలు ఒకే కుప్ప. ఒక బంట్రోతు కాలితో అంచులు ఎగదోశాడు. కాలితో!

ఆమె నావైపు తిరిగింది. "మైదుకూరప్పా, చెప్పు. నువ్వు రాసేటోనివి గదా. వాళ్ళ భాషలో చెప్పు."

లేచాను. "అయ్యా, ఇది హోటలు కాదు," అన్నాను.

ఇన్‌స్పెక్టరు జేబులోనుంచి మడత కాగితం తీశాడు. నా కాగితం. "హోటలనే ఉందే ఇక్కడ. గుడారాల ఆఫీసువాడే ఎవరో రాశాడు. ఎవరు రాశారో మీకు తెలుసా?"

నేను చేతిలోని రొట్టె తుంచుతూ నిలబడ్డాను. బసమ్మ నన్ను చూసింది, నా చేతిలోని రొట్టెముక్కను చూసింది, మళ్ళీ నా ముఖం చూసింది. ఇంక ఆమెకు చదువుతో పనిలేకపోయింది.

తూచారు. సర్కారు నిల్వకు పెట్టిన హద్దుకంటే తక్కువే ఉందని తేలింది. తప్పేమీ లేదని రాసుకున్నారు, వారంలో లైసెన్సు తీసుకొమ్మన్నారు, చేతులు దులుపుకుని పోయారు. కనీసం ఆ జొన్నలు ఎత్తుకుపోయినా, దొంగలమీద కోపపడినట్టు కోపపడి ఊరుకునేవాళ్ళం.

ఎండ నడినెత్తికొచ్చే వేళకు బండ్లవాళ్ళు వచ్చారు. ఎనిమిది మంది. చూరు కింద నిలబడి కుప్పను చూశారు. ఎవరూ లోపలికి రాలేదు.

"కూచోండప్పా," అంది బసమ్మ. "జరిగింది జరిగిపాయ. ఇసిరి చేస్తా."

పెద్ద ఈరన్న టవాల దులిపి భుజంమీద వేసుకున్నాడు. "వద్దులేమ్మా. ఈ పూటకు ఊళ్ళో బొరుగులు తింటాం."

"యాల? ఈ జొన్నలకేమాయ?"

"అన్నీ కలిసిపాయ గదా."

"కలిస్తే?"

ఈరన్న నేల చూశాడు. పక్కనున్న హనుమన్న, పడుచువాడు, మాట దాచుకోలేనివాడు, అనేశాడు. "ఏసేపువి కూడా ఉండాయి గదమ్మా దాంట్లో. మేమెట్ల తినేది?"

ఏసేపు తుమ్మచెట్టు కింద ఎద్దులకు గడ్డి వేస్తున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు. "నా జొన్నలు నీ జొన్నల్ని కరుస్తాయా హనుమన్నా?"

"నిన్నేమన్నా అంటినా? పద్ధతి చెప్తి."

అప్పుడు లేచింది బసమ్మ. తొమ్మిదేళ్ళలో ఆమె గొంతు అంత పైకి లేవడం ఎవరూ విని ఉండరు. "పద్ధతా? మీరు పిడికెడు పిడికెడు పోస్తిరే, ఆటిని నేనేం చేస్తాంటి? ముప్పై కుండల్లో పెట్టుకున్యానా? కలిపి ఇసురుకుని కలిపి తింటి! పొద్దున మీవి కలిసిన రొట్టె తిని, అదే చేత్తో మీకు తడితి. ఈరన్నా, ఆ చెయ్యి నీకు అంటు కాల్యా? యే హనుమన్నా, నీ రొట్టె కాలిన పెనం మీద ఆయప్ప రొట్టె కాలల్యా? ఇన్నేండ్లు నేను రాయి తుడిచింది మీ చేని రుసి మీకు పోగూడదని. అంటుకు తుడుస్తాన్యానని అనుకుంటిరా?"

చేని రొట్టె, రాజుకు కూడా లేని భోగం! ఆ పెద్దమనిషి మాటకు మురిసిపోయి కాగితమంతా తీపి పూశాను నేను.

ఆమె కుప్పలోనుంచి చాటెడు జొన్నలు ఎత్తింది. విసిరింది, రాయి ఊగిపోయేటట్టు విసిరింది. పిండి కలిపి తట్టి పెనంమీద వేసి, రెండు పక్కలా కాల్చి, కారం రాసి, రొట్టె రెండు చేతుల్లో పట్టుకుని గడప దగ్గర నిలబడింది.

"ఏసేపూ, లోపలికి రాప్పా. ఈడ కూచుని తిను. వీళ్ళు చూడల్ల."

ఏసేపు గడ్డి కింద పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు. గడపదాకా వచ్చి ఆగాడు. ఆయన మాట మెల్లగానే ఉంది.

"వద్దమ్మా. ఇయ్యాల కోపమొచ్చి పిలుస్తాండావు. రేపు కోపం తగ్గుతాది. అప్పుడు నేను యాడ కూచోవల్ల?"

ఏసేపు పోయి ఎద్దులను కాడికి కట్టాడు. మిగతావాళ్ళు కూడా ఒకరి వెనక ఒకరు పోయారు. రొట్టె ఆమె చేతుల్లోనే చల్లారింది.

తర్వాత మూడు రోజులు పొయ్యి వెలగలేదు. నేను పట్టికలోనుంచి ఆ పేరు కొట్టేయించి, లైసెన్సు అక్కరలేదని ఒక అర్జీ రాసి, నాలుగోరోజు పొద్దున్నే తీసుకుపోయాను. ఆమె కుప్ప ముందు కూర్చుని జొన్నలు ఏరుతోంది. గింజ గింజా. చుట్టూ చిన్న చిన్న కుప్పలు. గోడకు అప్పటికే చాలా మూటలు ఎక్కాయి.

"అక్కా, ఆ కాగితం రాసింది నేనే."

"తెలుసు." తల ఎత్తలేదు. "ఇవి నీవి. మీ పక్క గింజకు మూతికాడ నల్లగుంటాది."

"నిజంగా ఎవరివి ఏవో తెలుస్తాయా?"

"తెల్లవి, పచ్చవి తెలుస్తాయి. తెల్లాటిలో తెల్లవి కొన్ని తెలుస్తాయి. తెలీనివి తెలీవు. రాసేముందు నన్ను ఒక మాట అడిగినావా?"

"లేదు."

"పోనీ, తూయనీకి వచ్చినాయప్ప అడిగినపుడు నేనే రాస్తినని చెప్పినావా?"

"లేదక్కా."

"మరి ఇప్పుడు నాకెందుకు చెప్తాండావు?"

అర్జీ చదివి వినిపించబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె చివరి మూట కట్టి, ముడి బిగించి, కొయ్యకు తగిలించేదాకా నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. పట్టలేనంత కోపంగా ఉంది నాకు, ఎవరి ముఖం చూసి చూపించాలో తెలియని కోపం. ఆమె పొయ్యి పక్కనుంచి పెనం తీసి చీరె గుడ్డలో చుట్టింది. నెత్తిన పెట్టుకుని బయటికి నడిచింది. విసుర్రాయి వైపు చూడలేదు.

దారిలో రెండు బండ్లు నిలిపి ఉన్నాయి. ఒకదాని మీద పెద్ద ఈరన్న, ఇంకొకదాని దగ్గర ఏసేపు. ఈరన్న దిగి ఎదురొచ్చాడు.

"యాడికి పోతాండావమ్మా? అమ్మా, బసమ్మా!"

ఏసేపు ఏమీ అడగలేదు. ఎద్దు పలుపు పట్టుకుని దారి ఇచ్చాడు. ఆమె ఇద్దరి మధ్యగా నడిచింది. గట్టు దిగి ఇసుకలో పడి ఆ ఒడ్డువైపు పోయింది. అక్కడ ఆమెకు ఎవరున్నారో మాకెవరికీ తెలీదు. ఈరన్న ఇంకో రెండుసార్లు పిలిచాడు. నేను అర్జీ పట్టుకుని గట్టుమీద నిలబడ్డాను. ఆమె వెనక్కి తిరగలేదు. మా ముగ్గురిలో ఎవరికీ పోయొస్తానని చెప్పలేదు.